అరవై నాలుగు బై పదిహేడు

కాగితం, పెన్ను తీసుకోండి. 64ని 17తో భాగించండి. 3.765 వస్తుంది. ఇప్పుడు 59ని 19తో భాగించండి. 3.105. రెంటికీ తేడా ముప్పాతిక కూడా లేదు. ఆ కాస్త తేడాకే ఒక కారు గొంతు మారిపోయింది, నడక మారిపోయింది, కొండెక్కే తీరు మారిపోయింది. ఆఖరికి డ్రైవరుకు అది చెప్పే లెక్కల్లో నిజమెంతో కూడా మారిపోయింది. నేను పక్క సీట్లో కూర్చుని చెవులారా విన్నాను. ఇన్నేళ్ళుగా కారు నడుపుతున్నాను కదా, ఇంత గొప్ప సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదేమని లోకం మీద కాస్త కోపంగా కూడా ఉంది. మీకైనా చెబుదామని కూర్చున్నాను.

ఆ 64, 17 అనేవి పళ్ళ లెక్క. పాత మినీ కారు గేరుబాక్సులో చిట్టచివర ఉండే రెండు చక్రాల పళ్ళు. చిన్నది పినియన్, పెద్దది క్రౌన్ వీల్. మన మెకానిక్ షెడ్లలో రెంటినీ కలిపి క్రౌన్ పినియన్ అనేస్తారు. ఇంజను ఎంత జోరుగా తిరుగుతున్నా, మీరు ఏ గేరులో ఉన్నా, ఆ తిరుగుడంతా ఈ జంటను దాటుకునే చక్రాలకు చేరాలి. పినియన్ 64 చుట్లు తిరిగితే క్రౌన్ 17 చుట్లే తిరుగుతుంది. వేగం ఎంత తగ్గితే బలం అంత పెరుగుతుంది. దీన్నే ఫైనల్ డ్రైవ్ అంటారు. గేరు రాడ్డు పట్టుకుని మనం ఒకటి, రెండు, మూడు అని మార్చేవన్నీ దీనికి ముందుండే చక్రాలు. ఈ చివరి జంట జోలికి మన చెయ్యి పోదు. ఫ్యాక్టరీలో ఏది బిగించి పంపితే జీవితాంతం అదే అనుకుంటాం.

అనుకోనక్కర్లేదట! విప్పి ఇంకో జంట వేసుకోవచ్చట!

బైకుల పిచ్చి ఉన్న కుర్రాళ్ళకు ఈ కిటుకు సగం తెలుసు. వెనక స్ప్రాకెట్టు రెండు పళ్ళు తక్కువది వేయిస్తే హైవే మీద బండి హాయిగా సాగుతుంది, ఇద్దర్ని ఎక్కించుకుని ఎత్తు ఎక్కమంటే మాత్రం మూలుగుతుంది. కారులో జరిగేదీ అదే. కాకపోతే బైకుకు గొలుసు బయటే వేలాడుతూ కనిపిస్తుంది. కారులో ఆ పళ్ళు ఇనప గూట్లో, నల్లటి నూనెలో మునిగి ఉంటాయి. అందుకే బైకు సంగతి తెలిసిన వాళ్ళలో కూడా చాలామందికి కారు సంగతి తట్టదు.

నేనుండేది బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన, లాంగ్‌బ్రిడ్జ్ దగ్గర్లో. మినీలు పుట్టిన ఊరది. కార్ల ఫ్యాక్టరీ 2005లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాలూ, కాలేజీ, ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ ఆగి కూరగాయలు కొనుక్కుని వెళ్ళడమే తప్ప ఆ నేల చరిత్ర నాకు పట్టలేదు, ఉగాది సంబరాల్లో డాక్టరుగారితో పరిచయం అయ్యేదాకా. గుంటూరులో చదువుకుని 1970ల్లో ఇక్కడికొచ్చిన తరం ఆయనది. రిటైరై చాలా కాలమైంది. ఆయన షెడ్డులో 1974 నాటి మినీ 850 ఉంది. దాని ఇంజను ఎప్పుడో అరిగిపోతే 998 సీసీ ఇంజను వేయించారు. గేరుబాక్సు లోపలి సరంజామా మాత్రం పాతదే, అంటే 64 బై 17.

"ఏవోయ్, మా అమ్మాయి ఉండేది బ్రిస్టల్లో. ఈ కారులో వెళ్ళొస్తే రెండ్రోజులు చెవుల్లో హోరు పోదు. ఇంజను మంచిదే. పాపం దాన్ని ఊరికే పరిగెత్తిస్తున్నాం. క్రౌన్ పినియన్ మార్పిస్తున్నా, చూడ్డానికొస్తావా?" అన్నారు.

అలా మొదలైంది.

ఆ హోరుకు కారణం వెతుక్కుంటూ పోతే 1956 దాకా వెళ్ళాలి. సూయెజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది. తక్కువ పెట్రోలు తాగే బుల్లి కారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్ పట్టుబట్టారు. ఆ పని అలెక్ ఇసిగోనిస్ చేతికొచ్చింది. ఇప్పటి టర్కీలో ఇజ్మీర్ అంటున్న స్మిర్నాలో పుట్టినవాడాయన. పదడుగుల పొడవు, నలుగురు మనుషులు, వాళ్ళ సామాను. మరి ఇంజనెక్కడ? దాన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు. గేరుబాక్సెక్కడ? ఇంజను కింద, నూనె తొట్టిలో! ఇది వినగానే నేను నవ్వాను. ఎవరైనా నవ్వుతారు. ఇంజనుకూ గేర్లకూ కలిపి ఒకటే నూనె. పైన పిస్టన్లకు అంటుకునే నూనే కింద పళ్ళ మధ్య నలుగుతుంది. క్రాంక్‌షాఫ్టు చివర క్లచ్చి, అక్కణ్ణుంచి మూడు పళ్ళ చక్రాల వరస మీదుగా శక్తి కిందికి దిగుతుంది, గేర్లలో తిరుగుతుంది, చివర మన పినియన్ దగ్గరికి వస్తుంది. 1959 ఆగస్టు 26న ఆ కారు జనం ముందుకొచ్చింది.

ఇంజనును అడ్డంగా పెట్టడంలో ఉన్న అసలు సొగసు నాకు షెడ్డులో గానీ బోధపడలేదు. మన అంబాసిడర్‌ను తలుచుకోండి. దాని మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్, అదీ ఈ కంపెనీ బండే. అందులో ఇంజను నిలువుగా ఉంటుంది. తిరుగుడు ప్రొపెల్లర్ షాఫ్టులో వెనక్కి వెళ్ళి, అక్కడ లంబకోణంలో మలుపు తిరిగి చక్రాలకు అందాలి. ఆ మలుపు తిప్పడానికి వంపు తిరిగిన పళ్ళ క్రౌన్ పినియన్ కావాలి. దాన్ని కూర్చడం పెద్ద విద్య. పళ్ళకు రంగు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూసి, పల్చటి షిమ్ములు వేస్తూ తీస్తూ పూట గడిపేస్తారు. మినీలో షాఫ్టులన్నీ చక్రాల ఇరుసుకు సమాంతరమే. మలుపే లేదు! క్రౌన్, పినియన్ పక్కపక్కన కూర్చునే రెండు మామూలు ఏటవాలు పళ్ళ చక్రాలు. స్థలం మిగలాలని చేసిన పని, అరవయ్యేళ్ళ తర్వాత ఒక రిటైర్డు డాక్టరు షెడ్డులో పని తేలిక చేసిందన్నమాట. ఇసిగోనిస్ ఇది ఊహించాడో లేదో గానీ, నాకైతే ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

మరి మొదట్లోనే 3.765 ఎందుకు పెట్టారు? అప్పటి రోడ్లను చూడాలి. లండన్ నుంచి ఉత్తరానికి ఎం1 మోటార్‌వే తెరిచింది 1959 నవంబరు 2న, అంటే మినీ వచ్చిన రెండు నెలల తర్వాత. కారు గీస్తున్నప్పటికి పొలాల మధ్య వంకర రోడ్లూ, ఊళ్ళలో ట్రాఫిక్కూ, గంటకు నలభై యాభై మైళ్ళూ, ఇదే బతుకు. ఇంజను 848 సీసీ, 34 హార్స్‌పవర్. అంత చిన్న ఇంజనుతో నలుగుర్ని మోయించాలంటే బలం వైపు మొగ్గాలి. వాళ్ళ లెక్క వాళ్ళకు సరైనదే. ఆ తర్వాత రోడ్లు మారాయి, కారు మారలేదు.

ఇప్పుడు నన్ను ఊపేసిన లెక్క చెప్తాను. పదంగుళాల రిమ్ముకు వేసిన ఆ బుల్లి టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు మీటరున్నర దూరం. మినీలో నాలుగో గేరు సూటి గేరు, అంటే ఒకటికి ఒకటి. కాబట్టి ఆ గేరులో ఫైనల్ డ్రైవ్ ఒక్కటే మాట్లాడుతుంది. ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే, వెయ్యిని 3.765తో భాగించండి, చక్రం 266 చుట్లు. మీటరున్నరతో, ఆపైన అరవైతో గుణిస్తే గంటకు 24 కిలోమీటర్లు. అదే 3.105 అయితే గంటకు 29 కిలోమీటర్లు. ఇంతే. స్కూలు పిల్లలు చేసే లెక్క. ఇక్కడి మోటార్‌వే పరిమితి గంటకు 70 మైళ్ళు, అంటే సుమారు 113 కిలోమీటర్లు. పాత జంటతో ఆ వేగానికి ఇంజను నిమిషానికి 4,700 చుట్లు తిరగాలి. కొత్త జంటతో 3,900 చాలు.

ఎనిమిది వందలే కదా అంటారేమో, ఆగండి. బర్మింగ్‌హామ్ నుంచి బ్రిస్టల్‌కు దాదాపు 145 కిలోమీటర్లు. ఆ దూరానికి చక్రం ఎన్ని చుట్లో, ఇంజను ఎన్ని చుట్లో రాత్రి కూర్చుని వేశాను. పాత జంటతో ఇంజను సుమారు 3,64,000 చుట్లు తిరుగుతుంది. కొత్తదానితో 3,00,000. ఒకవైపు ప్రయాణానికే 64 వేల చుట్లు మిగులు! నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు పేలుళ్ళు. అంటే డాక్టరుగారు కూతురింటికి వెళ్ళేలోపు లక్షా పాతిక వేలకు పైగా పేలుళ్ళు జరక్కుండా ఆగిపోతాయి. రెండు చక్రాలు మార్చినందుకు! మా ఆవిణ్ణి నిద్రలేపి ఈ లెక్క చెప్పాను. ఆవిడన్న మాట ఇక్కడ రాయను.

ఇక షెడ్డు. లాంగ్‌బ్రిడ్జ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పని చేశాడు. మాట తక్కువ మనిషి. బానెట్ విప్పి, పక్కన బిగించి ఉండే రేడియేటర్ తప్పించి, చైన్ బ్లాకుతో ఇంజనూ గేరుబాక్సూ ఒకే ముద్దగా పైకి లేపాడు. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి కాబట్టి విడిగా తీసే వీల్లేదు. ఆ తర్వాత వెనకవైపున్న డిఫరెన్షియల్ గూడు నట్లు విప్పితే, క్రౌన్ వీల్ తనకు బిగించిన డిఫరెన్షియల్‌తో సహా బయటికొచ్చేసింది. దాని వెనక, గేరుబాక్సు షాఫ్టు కొసన, మన పినియన్. ఒకటిన్నర అంగుళాల పెద్ద నట్టుతో బిగించి, నట్టు కదలకుండా పల్చటి రేకు అంచును మడిచి ఉంది.

ఈ నట్టు విప్పాలంటే షాఫ్టు తిరగకుండా పట్టుకోవాలి. ఎలా పట్టుకుంటారు? నేనేదో పెద్ద పనిముట్టు తెస్తాడనుకున్నాను. పెద్దాయన వేలితో రెండు సెలెక్టర్లను తోశాడు, ఒకటో గేరూ నాలుగో గేరూ ఒకేసారి పడ్డాయి! కారు నడుపుతుంటే ఇది జరగదు, గేరు రాడ్డు దగ్గరున్న ఏర్పాటు ఒప్పుకోదు. ఇక్కడ రాడ్డు లేదు. రెండు గేర్లు ఒకే షాఫ్టును రెండు వేర్వేరు వేగాలతో తిరగమంటాయి. రెండు మాటలూ వినడం కుదరక అది ఎటూ కదలదు. పెట్టె తనకు తానే తాళం వేసుకుంది. నాకు కేక వేయాలనిపించింది. పెద్దాయన మాత్రం పొడవాటి బారు తగిలించి బరువంతా వేశాడు. టక్కుమని నట్టు వదిలింది.

రెండు పినియన్లూ చేతిలోకి తీసుకున్నాను. పాతది 17 పళ్ళు, కొత్తది 19. కొత్తదంటే నిజానికి కొత్తదేం కాదు, తర్వాతి కాలపు మినీ గేరుబాక్సు నుంచి తీసినది. పక్కపక్కన పెడితే తేడా కనిపించేదీ కనిపించనిదీ అన్నట్టుంది. అయితే ఇందులో ఒక చమత్కారముంది. గేరుబాక్సు గూడు మారదు కాబట్టి పినియన్ కేంద్రానికీ క్రౌన్ కేంద్రానికీ మధ్య దూరం మారదు. పళ్ళ మొత్తం చూస్తే 17, 64 కలిపి 81, అదే 19, 59 కలిపితే 78. అదే దూరంలో ఇన్ని పళ్ళూ, అన్ని పళ్ళూ ఇమడాలంటే పంటి పరిమాణమో, వాలో జంటజంటకూ వేరుగా చెక్కక తప్పదు. అందుకే ఒక జంటలోని పినియన్‌ను ఇంకో జంటలోని క్రౌన్‌తో కలపకూడదు. కొంటే రెండూ కలిపే కొనాలి. కంపెనీ చెక్కిన జంటల జాబితా చూస్తే నోరూరుతుంది: 62కి 18 పెడితే 3.44. 62కి 17 పెడితే 3.647. 62కి 15 పెడితే 4.133. 59కి 20 పెడితే 2.95. ఒకటే పెట్టె, ఇన్ని స్వభావాలు!

క్రౌన్ బోల్టులకూ, పినియన్ నట్టుకూ కొత్త రేకులు వేయాలి, పాతవి మళ్ళీ మడవకూడదు. పినియన్ నట్టును 150 పౌండ్-అడుగుల బిగువుకు బిగించాలి. డిఫరెన్షియల్ బేరింగులకు ఎంత ఒత్తిడి ఉండాలన్నది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. పక్క మూత కింద షిమ్ములు వేసి దాన్ని కుదర్చాలి. పెద్దాయన ఫీలర్ గేజి పెట్టి కొలుస్తుంటే డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్లో నిలబడ్డట్టే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మిగిలిన పనంతా విప్పింది తిరిగి బిగించడమే, దాని గురించి చెప్పడానికేం లేదు. 20డబ్ల్యూ-50 నూనె పోశారు.

మొదటిసారి రోడ్డెక్కినప్పుడు వింత మొదటి గేరులోనే తెలిసింది. ఫైనల్ డ్రైవ్ మారిస్తే ఒక్క టాప్ గేరు మారదు, అన్ని గేర్లూ మారతాయి, రివర్సుతో సహా. మొదటి గేరు నిష్పత్తి 3.52. పాత జంటతో గుణిస్తే ఇంజనుకూ చక్రానికీ మధ్య 13.3 రెట్లు. ఇప్పుడు 10.9 రెట్లు. కారు కదలడానికి క్లచ్చిని కాసేపు ఎక్కువ బతిమాలాలి. ఇదివరకు మొదటి గేరు వేసీ వేయకముందే రెండోది అడిగే కారు, ఇప్పుడు జంక్షన్ దాటేదాకా ఒకటో గేరులోనే ఉండిపోయింది. గేర్ల మధ్య నడక సాగింది. తొందరపడే మనిషి తీరిక మనిషైనట్టు.

ఎం5 మీదికి ఎక్కాం. యాభై, అరవై, డెబ్బై. డాక్టరుగారు మామూలు గొంతుతో, "వినపడుతోందా?" అన్నారు. వినపడింది! అరవకుండానే మాట్లాడుకున్నాం. ఇంజను చప్పుడు పోలేదు, దాని శ్రుతి దిగింది. ఇదివరకు చెవిలోకి దూరే కూత ఇప్పుడు కాళ్ళ దగ్గరెక్కడో మంద్రంగా ఉంది. గాలి హోరు అంతకుముందూ ఉండేదట, ఇంజను అరుపు కింద నలిగిపోయి తెలియలేదట. ఆయన కళ్ళల్లో మెరుపు చూడాలి. డెబ్భై దాటిన మనిషి, కుర్రాడిలా స్టీరింగు మీద తాళం వేశారు.

అయితే ఏదీ ఊరికే రాదు. తిరిగొస్తూ లిక్కీ కొండల వైపు మళ్ళాం. ఇదివరకు నాలుగో గేరులో కష్టపడుతూ ఎక్కేసే ఎత్తు ఇప్పుడు ససేమిరా అంది. మూడో గేరు వేయాల్సి వచ్చింది. ఇంజను నుంచి చక్రానికి చేరే బలం ఏ గేరులోనైనా అయిదో వంతుకు కాస్త తక్కువగా తగ్గింది మరి. 998 సీసీ ఇంజను కాబట్టి సరిపోయింది. అసలు 848 సీసీ ఇంజనే ఉండి ఉంటే ఈ జంట దాని మెడకు గుదిబండ అయ్యేది. నన్నడిగితే 62కి 18, అంటే 3.44, ఈ కారుకు బంగారం లాంటి మధ్యేమార్గం అంటాను. కంపెనీ కూడా 998 సీసీ కార్లకు చాలాకాలం అదే పెట్టింది. 1964లో వచ్చిన 1275 సీసీ కూపర్ ఎస్‌కూ అదే. డాక్టరుగారు ఒప్పుకోరు. "నాకు కొండలతో పనేంటోయ్, కూతురుతో పని" అంటారు. ఫైనల్ డ్రైవ్ అంటే అదే మరి, ఎవరి రోడ్డు వాళ్ళు ఎంచుకోవడం.

అప్పట్నుంచీ ఆ అంకెల వెంట పడ్డాను. మినీ 1959 నుంచి 2000 అక్టోబరు దాకా, 53 లక్షలకు పైగా తయారైంది. ఈ ఒక్క అంకె ఎలా దిగుతూ వచ్చిందో చూస్తే బ్రిటన్ రోడ్ల కథంతా కనిపిస్తుంది. 1959లో 3.765. మోటార్‌వేలు పెరిగాక 3.44. పెట్రోలు ధరలు బాధపెట్టిన 1980ల మొదట్లో పొదుపు కోసం 2.95. ఆఖరి మినీలకు 1996 చివర్లో ఏకంగా 2.76, అంటే 58కి 21. ఈసారి కారణం పొదుపూ కాదు, వేగమూ కాదు. పక్కనుంచి పోయే కారు ఎంత చప్పుడు చెయ్యొచ్చో చెప్పే కొత్త నిబంధనలు! ఇంజను నెమ్మదిగా తిరిగితే చప్పుడు తక్కువ. చట్టం వచ్చి గేరుబాక్సులో పళ్ళు మార్చిందంటే నమ్ముతారా? ఒంటరిగా ఈ విషయం చదువుకుని గదిలో గట్టిగా నవ్వుకున్నాను.

రివర్సులో నడిచిన వాళ్ళూ ఉన్నారు. మోంటీ కార్లో ర్యాలీని మినీలు 1964లో ప్యాడీ హాప్‌కిర్క్‌తో, 1965లో టిమో మకినెన్‌తో, 1967లో రౌనో ఆల్టోనెన్‌తో గెలిచాయి. 1966లోనూ ముందు వచ్చాయి గానీ హెడ్‌లైట్ల వంకతో అనర్హుల్ని చేశారు, ఆ గొడవ ఇప్పటికీ ఇక్కడ చల్లారలేదు. మంచు కొండల్లో మలుపు తర్వాత మలుపు. అక్కడ 70 మైళ్ళ ప్రశాంతత ఎవడిక్కావాలి? మలుపు దాటగానే తన్నినట్టు ముందుకు దూకాలి. అందుకే ర్యాలీ మినీలకు 4 దాటిన జంటలు వేస్తారు. 62కి 15 వేసిన కారు మోటార్‌వే మీద 70 మైళ్ళకు నిమిషానికి 5,200 చుట్లు అరుస్తుంది. డాక్టరుగారి కారూ, ఆ కారూ బయటికి ఒకేలా ఉంటాయి. వాటి మధ్య ఉన్నదల్లా అరచేతిలో పట్టే ఒక చక్రం, పళ్ళెమంత ఇంకో చక్రం. మన దేశంలో లారీ కంపెనీలు కూడా ఇదే చేస్తాయి. గనుల్లో తిరిగే టిప్పరుకు ఒక రియర్ యాక్సిల్ రేషియో, హైవే మీద సరుకు తోలేదానికి ఇంకొకటి. విజయవాడలో మా బావగారికి ఫోన్ చేసి చెబితే, "అది ఏ లారీ డ్రైవరునడిగినా చెప్తాడు కదయ్యా" అన్నాడు. ఉండొచ్చు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నాకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే నన్ను వెర్రివాణ్ణి చేసింది స్పీడోమీటరు. డాక్టరుగారి కారుకది డాష్‌బోర్డు నడిమధ్యన, పెద్ద గుండ్రంగా ఉంటుంది. మోటార్‌వే మీద ఫోన్లో జీపీఎస్ 70 చూపిస్తోంది, ఆ ముల్లు 58 దగ్గరే ఉంది. ఎందుకో మీరే ఆలోచించండి, తడితే మీకూ ఒళ్ళు జలదరిస్తుంది. స్పీడోమీటరు కేబులు గేరుబాక్సులోని షాఫ్టు నుంచి తిరుగుతుంది. ఫైనల్ డ్రైవ్ ఆ షాఫ్టు తర్వాత ఉంటుంది. అంటే స్పీడోమీటరుకు చక్రం ఎంత తిరుగుతోందో తెలియనే తెలియదు! షాఫ్టు ఎంత తిరిగిందో చూసి, తర్వాత 3.765 ఉందిలే అన్న నమ్మకంతో వేగం చెబుతుంది. ఆ నమ్మకాన్ని మనం నట్టు విప్పి తీసేశాం. పాపం దానికెవరు చెప్పాలి? పెద్దాయన అప్పటికి ఒక కాగితం ముక్క రాసి ముల్లు కింద అతికించాడు. 25 అంటే 30. 33 అంటే 40. 58 అంటే 70. ప్రతి స్తంభానికీ స్పీడ్ కెమెరా ఉన్న దేశంలో ఆ కాగితం లైసెన్సంత విలువైనది.

శాశ్వతంగా బాగుచేయాలంటే స్పీడోమీటరును విప్పి, లోపలి అమరిక మార్పించాలి. అందుకు ఒక అంకె కావాలి: కారు ఒక మైలు పోతే కేబులు ఎన్ని చుట్లు తిరుగుతుంది? మైలు పొడవునా కూర్చుని లెక్కపెట్టక్కర్లేదు. మైలులో నూరో వంతు 52.8 అడుగులు. ఆ దూరం కొలిచి కారును తోసి, చుట్లు లెక్కపెట్టి వందతో గుణిస్తే సరి. ఆదివారం పొద్దున డాక్టరుగారి వీధిలో సుద్దముక్కతో రెండు గీతలు గీశాం. కేబులును స్పీడోమీటరు నుంచి ఊడదీసి, లోపలి తీగ కొసకు అట్టముక్కతో చేసిన బాణం గుచ్చాం. డాక్టరుగారు సీట్లో కూర్చుని బాణం వైపు వంగి చూస్తున్నారు. గేరు న్యూట్రల్. వెనకనుంచి నేనూ పెద్దాయనా తోస్తున్నాం. వంకర లేకుండా తిన్నగా పోవాలి, చక్రాలు మలుపు తిరిగితే లెక్క తప్పుతుంది.

"తొమ్మిది... పది... పదకొండు..." గీత దగ్గర కారు ఆగింది. "పదకొండున్నర!" అని లోపల్నుంచి కేక. అంటే మైలుకు 1,150. పాత జంటతో అయితే ఇదే దూరానికి పధ్నాలుగు చుట్లు తిరిగి ఉండేది. పధ్నాలుగును 3.765తో భాగించి 3.105తో గుణించండి, పదకొండున్నర దాటి ఓ పిసరు. కాగితం మీది లెక్కా, వీధిలో తోసిన కారూ ఒకే మాట చెప్పాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, వేశాను కూడా.

కాఫీలు తెచ్చిన ఆంటీ గుమ్మంలో ఆగి, "కారును తోసుకుంటూ స్పీడు కొలిచేవాళ్ళని మిమ్మల్నే చూశానండీ" అన్నారు.

డాక్టరుగారు అద్దం దించి తల బయటపెట్టారు. "కాఫీ అక్కడ పెట్టు. ఆ అర చుట్టు మీద నాకు అనుమానంగా ఉంది. ఏవోయ్, వెనక్కి తోయండి, ఇంకోసారి లెక్కపెడదాం."